నాలుగో వైపు నీళ్ళు

ఆ ఏడు విద్యాశాఖవారికి అనుభవం మీద మనసు పోయింది. అంతకు ముందేడు వారి మనసు యోగాసనాల మీద ఉండేది, దానికి ముందు పెరటి తోటల మీద. ఏ మనసూ ఒక విద్యాసంవత్సరం దాటి నిలిచిన దాఖలా లేదు గనక మాస్టర్లెవరూ కంగారు పడలేదు. కాని ఈసారి వచ్చింది వట్టి మనసు కాదు, దాంతో పాటు యాప్ కూడా వచ్చింది. పథకం పేరు ‘చేసి చూపు, చూసి నేర్చు’. యాప్ పేరు ‘అనుభూతి’. సారాంశం ఏమిటంటే, పిల్లలు స్వయంగా చేసి చూడని పాఠం చెప్పినట్టు కాదు. మాస్టారు గొంతు పోయేలా చెప్పినా చెప్పినట్టు కాదు. పిల్లలకు శుభ్రంగా అర్థమైనా చెప్పినట్టు కాదు. పాఠంలో ఏముంటే అది పిల్లల చేత జరిపించి, జరుగుతుండగా ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కిస్తే ఆ పాఠం పక్కన పచ్చచుక్క పడుతుంది. లేకపోతే ఎర్రచుక్క. మూడు ఎర్రచుక్కలు పడ్డ బడిని దగ్గరలో ఉన్న పెద్దబడిలో కలిపేస్తారు.

మొదట్లో బాగానే నడిచింది. ‘గాలి’ పాఠానికి పిల్లలు బుడగలూదారు. ‘వర్షం’ పాఠానికి మొక్కలకు పోసే డబ్బాతో ఒకరి నెత్తిన ఒకరు నీళ్ళు పోసుకున్నారు. ‘భూకంపం’ పాఠానికి రాష్ట్రమంతటా ఒకే గంటకు బెంచీలు ఊపారు. ‘గ్రహణం’ దగ్గర మాత్రం చాలామంది మాస్టర్లు దెబ్బతిన్నారు. ఆ పాఠానికిచ్చిన గడువులో సూర్యుడికి గాని చంద్రుడికి గాని గ్రహణం పట్టే ఏర్పాటు లేదని పంచాంగం జతచేసి విన్నవించుకుంటే, ‘పంచాంగము శాఖాపరమైన పత్రము కాదు’ అని సమాధానం వచ్చింది.

వెదుళ్ళలంక ప్రాథమిక పాఠశాల భాస్కరం మాస్టారికి గ్రహణంలో ఒక ఎర్రచుక్క పడింది. ‘ఎడారి జీవనం’లో రెండోది పడింది. గోదావరి మధ్యలో ఒంటె దొరకలేదని రాస్తే, పోనీ దాహమైనా పిల్లల చేత అనుభవింపజేయమని సలహా ఇచ్చారు. ఆయన ఆ పని చెయ్యలేదు. ఆ బడికి ప్రధానోపాధ్యాయుడన్నా, ఉపాధ్యాయుడన్నా, గంట కొట్టేవాడన్నా ఆయనే. పిల్లలు ముప్ఫై ఒక్కమంది. ఇంకొక్క చుక్క పడితే బడి ఎత్తేసి అవతల ఒడ్డున ఉన్న పెద్దబడిలో కలిపేస్తారు. అప్పుడు ఆరేళ్ళ పిల్ల కూడా నాటుపడవెక్కి, అరగంట సేపు గోదావరి మీద ప్రయాణం చేసి, అఆలు దిద్దుకోవాలి. వరదకు ఎర్రనీళ్ళు దిగే రోజుల్లో ఏ తల్లీ పిల్లను ఆ పడవ ఎక్కించదు. తొమ్మిదేళ్ళ క్రితం, ఈ బడి రాకముందు, లంకలో ఎంతమంది ఆడపిల్లలు చదువుకున్నారో భాస్కరం గారు వచ్చిన కొత్తల్లో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెలుసుకున్నారు. ఒక్కరూ లేరు. అందుకే ఆ మూడో చుక్క భయం ఆయన్ని అన్నం దగ్గర కూడా వదిలేది కాదు.

అలాంటి సమయంలో తరవాతి పాఠం వచ్చింది. ‘ద్వీపాలు ఎలా ఏర్పడతాయి?’

పేరు చూసి భాస్కరం గారు గాలి పీల్చుకున్నారు. లంకలో పుట్టిన పిల్లలకు లంక ఎలా పుడుతుందో చెప్పాలిట! ఇంతకంటె సులువైన పాఠం ఏముంటుందని పిల్లలందరినీ వెంటేసుకుని బయటికొచ్చారు.

బడి లంక తోక మీద ఉంది. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క చిన్నపాయ, ముందు ఆ రెండూ కలిసే చోటు. వెనకనుంచి మెడలాగా సన్నటి దారొకటి ఊళ్ళోకి పోతుంది. ఆ దారికి రెండు వైపులా మనిషెత్తు రెల్లు. లంకలో ఒక కట్టుబాటుంది: ఏటా వరద తీశాక ఇంటికో మనిషి చొప్పున వచ్చి గట్టు వెంబడి రెల్లు దుబ్బులు నాటాలి. పై గడ్డి ఎవరైనా కోసుకుని కప్పుకి వేసుకోవచ్చు. దుబ్బు మాత్రం పీకకూడదు. పీకినవాడికి ఊళ్ళో మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

“అదిగో, ఏటి మధ్యలో ఏం కనబడుతోందర్రా?” అన్నారు మాస్టారు.

“తిప్పండీ!” అని ముప్ఫై ఒక్కమందీ అరిచారు.

“మీలో పెద్దవాళ్ళు ఒకటో తరగతిలో ఉండగా అది లేదు కదా. ఎలా వచ్చింది?”

పడవ నడిపే పోశియ్య మనవరాలు చక్రవేణి, అయిదో తరగతి, చెయ్యెత్తి ఊరుకోకుండా లేచి నిలబడింది. “ముందు ఓ తాడిచెట్టు కొట్టుకొచ్చి అడ్డం పడిపోయిందండి. దానెనకాల ఇసక నిలబడిపోయిందండి. ఆనక రెల్లు గింజ గాలికి ఎగురుకుంటా వచ్చి పడిందండి. రెల్లు మొలిచిందంటే ఇంక ఇసకెక్కడికీ పోదండి, వేళ్ళతో పట్టేసుకుంటాది. మళ్ళీ వరదకి దాని మీద ఒండ్రెక్కుద్ది. మళ్ళీ రెల్లు, మళ్ళీ ఒండ్రు. నేను ముసలమ్మనయ్యేసరికి అక్కడ కొబ్బరిచెట్లు ఏసేత్తారండి.”

భాస్కరం గారికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆయన సర్వీసులో అంత మంచి పాఠం జరగలేదు, అదీ ఆయన నోరు విప్పకుండా. తిప్పనూ పిల్లలనూ కలిపి ఫొటో తీసి సంబరంగా ఎక్కించారు.

మర్నాడు సమాధానం వచ్చింది. ‘చిత్రములో ద్వీపము ముందుగానే ఉన్నది. ఏర్పడుట కనబడలేదు. ఏర్పడుటలో విద్యార్థుల పాత్ర శూన్యము. తిరస్కరించడమైనది. మరల ప్రయత్నించుడు.’

సరేనని మధ్యాహ్న భోజనం వండే పెద్ద గుండిగ తెచ్చి, అందులో పిల్లల చేత ఇసుక పోయించి, చుట్టూ నీళ్ళు పోయించి, నడిమధ్య ఒక రెల్లు పరక గుచ్చి ఎక్కించారు. ‘ద్వీపము విస్తీర్ణము చాలదు. జలభాగమునకు ఇరువైపులా పిడులు కనబడుచున్నవి’ అని తిప్పి పంపారు.

భాస్కరం గారు ఉండబట్టలేక ఉత్తరం రాశారు. అయ్యా, లంక ఏర్పడడానికి ఎంత లేదన్నా నలభై ఏళ్ళు పడుతుంది, కావలసింది ఒక నది, దానికి తీరిక, రెల్లు. ఇందులో మా చేతిలో ఉన్నది రెల్లు ఒక్కటే అని. దానికి ఇలా వచ్చింది: ‘సదరు పాఠమునకు కేటాయించిన పీరియడ్లు రెండు. నలుబది సంవత్సరముల జాప్యమునకు గల కారణములను, నది తరఫున, ప్రధానోపాధ్యాయులు మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.’

ఆయన గోదావరి తరఫున కూర్చుని సంజాయిషీ రాశారు. నదికి ఇతర జిల్లాలలో కూడా పనులున్నందున అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ రాశారు. అది చదివినవాళ్ళకు ఏమనిపించిందో గాని, వారం తిరక్కుండా తనిఖీకి దిగారు.

దిగినవారు ఇద్దరు. ఒకరు మండల విద్యాధికారి ముత్యాలరావు గారు. నీళ్ళంటే భయం, పడవలో మధ్య బల్ల రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని వచ్చారు. రెండోవారు రాష్ట్ర అనుభూతి సమన్వయకర్త డాక్టర్ నీలోత్పల గారు. ఆవిడకు నీళ్ళంటే భయం లేదు, ఎందుకంటే దారి పొడుగునా ఫోన్ చూసుకుంటూ వచ్చారు గనక ఆవిడకు నీళ్ళు కనబడనే లేదు.

“మాస్టారూ, ద్వీపం నిర్వచనం చెప్పండి,” అన్నారు ఆవిడ వస్తూనే.

“నాలుగు వైపులా నీళ్ళున్న భూభాగమండి.”

“ఇక్కడ భూభాగం ఉందా?”

“ఉందండి. మనం నిలబడింది దాని మీదే.”

“నీరు?”

“మూడు వైపులా ఉందండి.”

“మరి నాలుగో వైపు?”

“నాలుగో వైపు ఊరుందండి.”

ఆవిడ ఫోన్‌లో రాసుకుంటూ పైకి చదివారు: “డెబ్బై అయిదు శాతం పూర్తి. మిగిలిన ఇరవై అయిదు శాతం ఉపాధ్యాయుని ఉదాసీనత వలన నిలిచిపోయినది.”

“మేడమ్, అసలు ఈ ఊరితో సహా లంకంతా ద్వీపమేనండి,” అన్నారు భాస్కరం గారు. “తమరు పడవలో వచ్చారు కదండీ.”

“అది మీ పిల్లలు ఏర్పరచినది కాదు కదా. అది ప్రకృతి పరిధి. మనది అభ్యసన పరిధి. రెండూ కలపకండి.” ఆవిడ దారి వంక చూసి, అటూ ఇటూ నాలుగడుగులు వేసి, పరిష్కారం కనిపెట్టేశారు. దారికి అడ్డంగా, ఈ నీళ్ళ నుంచి ఆ నీళ్ళ దాకా, పిల్లల చేత చిన్న కాలవ తవ్వించాలి. నాలుగో వైపు కూడా నీళ్ళొస్తాయి. పిల్లల పాత్ర ఉంటుంది, ఏర్పడుట ఉంటుంది, పిడులుండవు. “ఆ రెల్లుని మాత్రం దుబ్బులతో సహా తీయించండి. దృశ్యానికి అంతరాయంగా ఉంది.”

పడవ దగ్గర చుట్ట కాల్చుకుంటున్న పోశియ్య ఆ మాట విని చుట్ట పారేసి వచ్చాడు. “ఏటికి దారి సూపిత్తారాండీ? ఓపాలి సూపిత్తే అదింక మర్సిపోదండి. దుబ్బులు మాత్రం పీకకండి బాబయ్యా.”

“ఈయనెవరు? ఈయన అర్హతలేమిటి?” అన్నారు నీలోత్పల గారు.

“పడవ నడుపుతానండి.”

“భూగోళశాస్త్రంలో ఏమైనా చేశారా?”

“దాని మీదే ఉంటన్నానండి, అరవయ్యేళ్ళ నుంచీని.”

“స్థానిక అభిప్రాయం నమోదు చేయడమైనది,” అని ఆవిడ ఫోన్‌లో ఏదో నొక్కారు. పోశియ్య ముఖం కాస్త విప్పారింది, తన మాట పైదాకా వెళ్తుందనుకున్నాడు.

భాస్కరం గారు ఆఖరి ప్రయత్నంగా, శ్రావణమాసమండి, ఎగువన వానలు పడుతున్నాయి, వరద తీశాక చేద్దామండి అన్నారు. విడత గడువు నెలాఖరుకి ముగుస్తుందని ఆవిడ చెప్పారు. గోదావరి గడువు సంగతి ఆవిడ అడగలేదు. ముత్యాలరావు గారు మాస్టారి భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళారు.

“నాకు మాత్రం తెలీదేంటండీ మాస్టారూ? చుక్క పడిందంటే మీ బడి పోద్ది, నా మండలం ర్యాంకు పోద్ది. ఫొటో తీసేసుకుని పూడ్చేద్దురూ, అరగంట పని. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి.”

బడి పోతుందన్న మాట దగ్గర భాస్కరం గారి ప్రాణం చివుక్కుమంది. తప్పని ఆయనకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఏడూ వాళ్ళతో పాటు మోకాళ్ళ లోతు బురదలో దిగి దుబ్బులు నాటినవాడే. అరగంటే కదా అనుకున్నారు. మొదటి పార ఆయనే వేశారు.

పిల్లలకు పండగ అయింది. పుస్తకాలు లేవు, బురద ఉంది, మాస్టారే తవ్వమంటున్నారు. అందరూ తలో దుబ్బూ పట్టుకుని లాగారు. చక్రవేణి ఒక్కతే లాగలేదు. పీకి పారేసిన దుబ్బుల్ని ఒకటొకటీ ఏరుకుని, తాత పడవలో అడుగున పెట్టి, తడిగోనె కప్పి వచ్చింది. ఆ పిల్ల ఫొటో చట్రంలోకి రావడం లేదని నీలోత్పల గారు విసుక్కుని, పోనీ పక్కకుండమన్నారు.

మూరెడు లోతున తవ్వి ఫొటో ఎక్కించేసరికి యాప్ అక్కడికక్కడే తిప్పి కొట్టింది. ‘నీరు నిలిచియున్నది. ప్రవహించుట కనబడవలెను.’ రెండు మూరలు తవ్వారు. ‘వెడల్పు చాలదు.’ వెడల్పు చేశారు. అప్పుడు గోదావరి నీళ్ళు ఒక మూల నుంచి మెల్లిగా వచ్చి, కాలవలోకి తొంగి చూసి, అవతలి పాయలోకి జారాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటో వెళ్ళింది. అధికారులు కొబ్బరిబోండాలు తాగి, మధ్య బల్ల పట్టుకునేవారు మధ్య బల్ల పట్టుకుని, ఫోన్ చూసుకునేవారు ఫోన్ చూసుకుని వెళ్ళిపోయారు.

భాస్కరం గారు పార తీసుకుని పూడ్చబోతుండగా యాప్ కుయ్యిమంది. ‘నమూనా పరిశీలనలో ఉన్నది. పరిశీలన పూర్తియగు వరకు నమూనాను చెరపరాదు. చెరిపినచో ఎర్రచుక్కగా పరిగణించబడును.’

ముత్యాలరావు గారికి ఫోన్ చేస్తే, “అమ్మో, ముట్టుకోకండి మాస్టారూ! సాక్ష్యాన్ని నాశనం చేసినట్టవుద్ది. నాలుగు రోజులేగా,” అన్నారు. మొదటి రోజు కాలవ మీద కొబ్బరి దుంగ వేసుకుని పిల్లలు బడికొచ్చారు. రెండో రోజు ఇంకో దుంగ అతకవలసి వచ్చింది. మూడో రోజుకు నీళ్ళ రంగు ఎర్రబడింది. ఆ రోజు సాయంత్రం భాస్కరం గారికి తెగింపు వచ్చింది. చుక్క పడితే పడనీ, తెల్లవారగానే పూడ్చేస్తానని పోశియ్యతో చెప్పారు. ఊళ్ళోవాళ్ళు ఇసుక బస్తాలు కట్టి సిద్ధం చేశారు.

తెల్లవారింది, ఆదివారం. బస్తాలెత్తుకుని వచ్చేసరికి మెడలాంటి ఆ దారి లేదు. కాలవ ఉన్న చోట గోదావరి పదిహేను బారల వెడల్పున సుళ్ళు తిరుగుతూ పోతోంది. దుబ్బులు పోయిన గట్టు మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. అవతల తోక మీద బడి ఒక్కటే నిలబడి ఉంది, వరండాలో గంట వేలాడుతోంది. మనిషికి గాని గొడ్డుకి గాని ఏమీ కాలేదు, అంతవరకు అదృష్టం. ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడ్డారు. మాస్టారిని ఎవరూ ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండునని ఆయన అక్కడే కూలబడి ఏడ్చారు.

“నిరుడు ఇంతకంటే పెద్ద వరదొచ్చిందండి,” అన్నాడు పోశియ్య. “దుబ్బులుండగా.”

మంగళవారం యాప్‌లో పచ్చచుక్క పడింది. ‘ద్వీపము సంపూర్ణముగా ఏర్పడినది. విద్యార్థుల పాత్ర నూరు శాతము. రాష్ట్రములో ఈ పాఠమును నిజప్రమాణములో పూర్తిచేసిన ఏకైక పాఠశాల. అభినందనలు.’

వరద కాస్త తీశాక అధికారులు పెద్ద లాంచీలో వచ్చారు. గట్టు మీద షామియానా వేశారు. డాక్టర్ నీలోత్పల గారు మైకు పుచ్చుకుని, ప్రపంచంలో నదులకు నలభై ఏళ్ళు పట్టే పనిని ఈ చిన్నారులు నాలుగు రోజుల్లో సాధించారని, దీన్నిబట్టి నదులు ఇన్నాళ్ళూ ఎంత అలసత్వం చూపాయో తెలుస్తోందని అన్నారు. మాస్టారి చేతిలో షీల్డు పెట్టారు. ఆ వెంటనే ముత్యాలరావు గారు ఇంకో కాయితం పెట్టారు. ఆయన మాస్టారి కళ్ళలోకి చూడలేదు.

‘సదరు పాఠశాలకు నివాస ప్రాంతము నుండి నీటిని దాటి మాత్రమే చేరవలసి ఉన్నందున, బాలబాలికలు నీటిని దాటుట భద్రతా నిబంధనలకు విరుద్ధమైనందున, సదరు పాఠశాలను మూసివేసి విద్యార్థులను అవతలి ఒడ్డున గల ఉన్నత పాఠశాలలో విలీనము చేయడమైనది.’

భాస్కరం గారు రెండు సార్లు చదివారు. “ఇది దాటడానికి అయిదు నిమిషాలు పట్టదండి. ఒడ్డుకి అరగంట పడవలో పోవాలి కదండీ?”

“అది ప్రయాణం మాస్టారూ,” అన్నారు నీలోత్పల గారు ఓపిగ్గా. “ఇది దాటడం.”

పాఠం ఎంతవరకు ఒంటబట్టిందో చూద్దామని ఆవిడ ముందు వరసలో ఉన్న చక్రవేణిని లేపారు. “పాపా, ద్వీపం ఎలా ఏర్పడుతుంది?”

చక్రవేణి మాస్టారి వంక చూసింది. “ఏదండీ? ఏరు చేసేదా, మీరు చేసేదా?”

“మనం చేసేదే చెప్పమ్మా.”

“దుబ్బులు పీకెయ్యాలండి.”

“చూశారా, ఎంత స్పష్టమైన అవగాహనో!” అని ఆవిడ చప్పట్లు కొట్టారు. షామియానాలో ఉన్నవాళ్ళంతా కొట్టారు.

ముప్ఫై ఒక్కమందిలో ఒడ్డు బడికి పడవెక్కినవాళ్ళు పదకొండుమంది. అందులో ఆడపిల్ల ఒక్కతే, చక్రవేణి, అదీ నడిపేది తాత గనక. మిగిలినవాళ్ళు గట్టు మీద నిలబడి, పడవ కనబడినంతసేపూ చూసి, ఇళ్ళకు పోయేవారు. భాస్కరం గారిని కూడా ఒడ్డు బడికే వేశారు. ఆయన రోజూ అదే పడవలో అటూ ఇటూ తిరుగుతూ, గట్టు మీద ఉన్నవాళ్ళను పేరు పేరునా లెక్కపెట్టుకునేవారు.

కార్తీకంలో యాప్ మళ్ళీ కుయ్యిమంది. ‘తదుపరి పాఠము: ద్వీపకల్పము. అనగా మూడు వైపులా నీరు గల భూభాగము. ద్వీపనిర్మాణములో తమకు గల విశిష్ట అనుభవము దృష్ట్యా తమరే నిర్వహించవలెను. అదనముగా ఉన్న ఒక వైపు నీటిని తొలగించుటకు పట్టు కాలమును నమోదు చేయుడు.’

ఆ ఆదివారం భాస్కరం గారు వెదుళ్ళలంక పిల్లలందరినీ తెగిన గట్టు దగ్గరకు రమ్మన్నారు. ముప్ఫై ఒక్కమందీ వచ్చారు. పోశియ్య పడవలోంచి గోనె తీశాడు. మూడు నెలలుగా చక్రవేణి రోజూ నీళ్ళు చిలకరిస్తూ కాపాడిన దుబ్బులు. సగం ఎండాయి, సగం పచ్చగా పిలకలు వేశాయి. ఊళ్ళోవాళ్ళు పారలు తెచ్చారు. ఇటు గట్టున పెద్దవాళ్ళు, అటు గట్టున పోశియ్య దించినవాళ్ళు నాటడం మొదలుపెట్టారు.

భాస్కరం గారు బురద చేతులు పంచెకు తుడుచుకుని ఫోన్ తీసి, పట్టు కాలం దగ్గర నలభై సంవత్సరాలు అని కొట్టారు. యాప్ కాసేపు గిరగిరా తిరిగింది. ‘సదరు తేదీ తమ పదవీ విరమణానంతరము. అప్పటికి బాధ్యత వహించు ఉపాధ్యాయుని పేరు నమోదు చేయుడు.’

“చక్రవేణీ, నీ పూర్తి పేరేంటమ్మా?”

“ఎందుకండీ?”

“ఈ పాఠం నువ్వు పూర్తి చెయ్యాలంట.”

ఆ పిల్ల ఎదుటి గట్టు వంకా, మధ్యలో పోతున్న నీళ్ళ వంకా చూసి లెక్కేసుకుంది. “నలభయ్యేళ్ళకి అయిపోద్దాండీ?”

“దుబ్బులు ఎవరూ పీకకపోతే.”

“పీకనివ్వనండి,” అని చక్రవేణి తన ఇంటిపేరూ పేరూ ఒక్కో అక్షరం చెప్పి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి తరవాతి దుబ్బు నాటింది.